వంకాయకు బేరం సరే, పచ్చబొట్టుకు కాదు!

విశాఖపట్నం: పూర్ణా మార్కెట్‌కు వెళ్లి బేరమాడకుండా సంచి నింపుకొచ్చే గృహిణి ఈ ఊళ్లో అరుదు. అమ్మే మనిషి నలభై అంటే కొనే మనిషి పాతిక అంటుంది. కుదరదంటే నాలుగడుగులు ముందుకేస్తుంది. "ఇటు రా తల్లీ, ముప్పైకి తీసుకెళ్లు" అన్న పిలుపు వెనక నుంచి వస్తుందని ఆమెకూ తెలుసు, పిలవక తప్పదని అతనికీ తెలుసు. ఇది తగాదా కాదు. ఆ చోటుకు అదే మర్యాద. తెచ్చిన వంకాయల్లో రెండు పుచ్చువి తేలితే మర్నాడు తీసుకెళ్లి చూపించవచ్చు. మారుస్తాడు, లేదా నాలుగు పచ్చిమిరపకాయలు కొసరు వేస్తాడు. అక్కడితో గొడవ తీరిపోతుంది.

ఇలా అమ్మ వెనక సంచి మోస్తూ పెరిగిన కుర్రాడికి ఒక రోజు పచ్చబొట్టు మీద మనసు పుడుతుంది. సెల్‌ఫోన్‌లో ఒక బొమ్మ దొరుకుతుంది. ఇద్దరు స్నేహితులను వెంటేసుకుని దుకాణం గుమ్మంలో నిలబడి, "అన్నా, ఇది ఎయ్యడానికి ఎంతవుద్ది?" అని కేకేస్తాడు. లోపల సూది పట్టుకుని మరొకరి చేతి మీద వంగి ఉన్న మనిషి తలెత్తడు. రెండోసారి అడిగితే, "కూర్చోండి, చెప్తాను" అంటాడు. పావుగంట గడుస్తుంది. "రేటు చెప్పడానికి ఏటంత గీర!" అనుకుంటూ కుర్రాడు బయటికొచ్చేస్తాడు.

ఇందులో ఎవరి తప్పూ లేదు. ఒక చోటి మర్యాద మరో చోట చెల్లకపోవడమే జరిగింది. అక్కడ కుర్రాడు కొనబోయేది వస్తువు కాదు. తన ఒంటి చర్మం మీద మరొకరి చేతిపని. పుచ్చు వంకాయను వెనక్కిచ్చినట్టు దీన్ని వెనక్కివ్వలేడు. అందుకే అడిగే తీరు వేరుగా ఉండాలి.

ముంజేతి మీది పాత లెక్క

ఈ పద్ధతి కొత్తగా పుట్టుకొచ్చిందేమీ కాదు. ఉత్తరాంధ్ర సంతల్లో బుట్ట ముందు పెట్టుకుని కూర్చున్న ముసలమ్మల ముంజేతులు గమనిస్తే పచ్చటి చుక్కల వరసలో, తులసికోటో, తేలో, రాముడి పేరో కానవస్తుంది. అవి ఎప్పుడు పొడిపించారని అడిగితే, "నా పెళ్లికి ముందు" అన్న జవాబే ఎక్కువగా వస్తుంది.

ఆ పచ్చబొట్లు పొడిచిన వాళ్లలో ఎక్కువ మంది ఎరుకల స్త్రీలు. ఎరుక చెప్పడం, బుట్టలు అల్లడం, పచ్చబొట్టు పొడవడం వాళ్ల కులవృత్తులు. ఊరూరా తిరిగి వాకిట్లో కూర్చునేవారు. రెండు మూడు సూదులు కలిపి దారంతో కట్టేవారు. దీపం మసిలో ఆకు పసరు కలిపి రంగు చేసేవారు. పొడిచిన చోట పసుపు అద్దేవారు. పిల్ల ఏడుస్తుంటే పాట ఎత్తుకునేవారు. కూలి ధాన్యమో, పాత చీరో.

ఆ వాకిట్లోనూ ఒక పద్ధతి ఉండేది. ఏ బొమ్మ వేయాలో పిల్ల చెప్పేది కాదు. ఇంటి పెద్దావిడ చెప్పేది. పొడిచే ఆమె కూడా చెయ్యి పట్టుకుని చూసి, ఎంత పెద్దది పడుతుందో, ఎక్కడ పడుతుందో చెప్పేది. చనిపోయాక మనిషి వెంట వచ్చేది పచ్చబొట్టు ఒక్కటే అన్న నమ్మకం ఉండేది. అలాంటి దాన్ని కేకేసి కొనుక్కోరు. ఇంటిల్లిపాదీ ఆలోచించి పెట్టించుకుంటారు.

మసి నల్లగా ఉంటే బొట్టు పచ్చగా ఎందుకు కనిపిస్తుందన్నది చాలామందికి వచ్చే సందేహం. మసి నల్లదే. అది పైచర్మం కింద ఉండే లోపలి పొరలో నిలిచిపోతుంది. చర్మం గుండా వచ్చే వెలుతురు చెదరడం వల్ల కంటికి నీలి పచ్చగా తోస్తుంది. 'పచ్చబొట్టు' అన్న పేరు అలా సార్థకమైంది.

ఇప్పటి కుర్రకారు వాడే 'టాటూ' అన్న మాట పసిఫిక్ మహాసముద్రంలోని తాహితి దీవి భాష నుంచి వచ్చింది. 1769లో ఇంగ్లండు నావికుడు కెప్టెన్ కుక్ అక్కడికి చేరాడు. ఆ దీవి వాళ్ల మాటను అతని ఓడవాళ్లు ఇంగ్లీషులోకి మోసుకొచ్చారు. అక్కడి నుంచి లంగరు బొమ్మ, పిచ్చుక బొమ్మ ఓడ పనివాళ్ల భుజాలెక్కి రేవు రేవుకూ తిరిగాయి. కరెంటు యంత్రానికి 1891లో న్యూయార్కులో శామ్యూల్ ఓరైలీ పేటెంటు పొందాడు. ఎడిసన్ కనిపెట్టిన కరెంటు కలమే దానికి మూలం. సూది వేగం పెరిగింది, బొమ్మలు పెరిగాయి. అడిగే వాళ్ల ఓపిక మాత్రం తగ్గింది.

మొదటి ప్రశ్న ధర కాదు

"ఎంత?" అన్న ప్రశ్నకు దుకాణదారు వెంటనే జవాబు చెప్పలేకపోవడానికి కారణం ఉంది. అదే బొమ్మ రెండంగుళాలైతే ఒక పని, ఆరంగుళాలైతే మరో పని. ముంజేతి మీద ఒక తీరు, పక్కటెముకల మీద ఒక తీరు. గీతలు మాత్రమే అయితే ఒక లెక్క, నీడలు దిద్దితే ఒక లెక్క, రంగులు నింపితే మరొకటి. ఇవేవీ చెప్పకుండా ధర అడగడం, టైలరు దగ్గరికెళ్లి గుడ్డ చూపించకుండా, కొలతలివ్వకుండా "కుట్టుకూలి ఎంత?" అనడం లాంటిదే.

కాబట్టి ముందు నాలుగు సంగతులు తేల్చుకుని వెళ్లడం మంచిది. ఏ బొమ్మ, ఒంటి మీద ఎక్కడ, ఎన్ని అంగుళాలు, నలుపా రంగులా. ఇవి ఒక కాగితం మీద రాసుకుని, బొమ్మ అచ్చు తీసుకుని వెళితే మాట పది నిమిషాల్లో తేలుతుంది. వాట్సప్‌లో అడిగే వాళ్లకూ ఇదే వర్తిస్తుంది. బొమ్మ పంపి కింద "రేట్?" అని ఒక్క ముక్క రాస్తే జవాబు రాలేదని బాధపడడం అనవసరం. "ఎడమ ముంజెయ్యి లోపలి వైపు, మూడంగుళాలు, నలుపు మాత్రమే, వచ్చే నెల ఆదివారం వీలవుతుందా?" అని రాస్తే జవాబు రాకుండా ఉండదు.

వెళ్లే వేళ కూడా చూసుకోవాలి. సూది నడుస్తున్నప్పుడు భుజం మీదుగా తొంగిచూసి మాట కలపడం తగదు. కుర్చీలో ఉన్న వ్యక్తి కొన్ని గంటల నుంచి నొప్పి ఓర్చుకుంటూ ఉండవచ్చు. చెయ్యి ఒక్కసారి బెదిరితే ఆ గీత జన్మంతా ఉంటుంది. గుమ్మంలో ఆగి, "ఒక బొమ్మ గురించి మాట్లాడాలండి, మీకెప్పుడు ఖాళీ?" అంటే చాలు. స్నేహితులను పదిమందిని తీసుకెళ్లడం కంటే ఒక్కరిని తీసుకెళ్లడం మేలు. ఆ ఒక్కరు కూడా "వద్దు" అని చెప్పగల ధైర్యం ఉన్నవాడైతే మరీ మంచిది.

అరువు బొమ్మ

ఫోన్‌లో కనిపించే పచ్చబొట్లలో చాలా వరకు ఎవరో ఒకరి ఒంటి మీదివి. ఏ ఊరి మనిషో చనిపోయిన తన తల్లి రూపాన్ని గీయించుకుని ఉంటాడు. ఎవరో చిత్రకారుడు వారం రోజులు కూర్చుని దాన్ని గీసి ఉంటాడు. దాన్ని యథాతథంగా దించమనడం, పక్కింటి వాళ్ల పెళ్లి శుభలేఖ మీద పేర్లు మార్చి పంచినట్టుంటుంది. గీసిన వాడి బొమ్మకు 1957 నాటి కాపీరైటు చట్టం రక్షణ కూడా ఉంది. మనసున్న పనివాడు ఇలాంటి కోరికను సున్నితంగా తోసిపుచ్చుతాడు. "దీన్ని చూసి మీకోసం వేరేగా గీసిస్తాను" అంటాడు. అది గీర కాదు. సాటి పనివాడి పట్ల మర్యాద.

కావలసింది చెప్పే తీరు ఒకటుంది. మూడు నాలుగు బొమ్మలు చూపించి, "దీంట్లో గీతలు నచ్చాయి, దాంట్లో ఆకు నచ్చింది, ఇది మాత్రం వద్దు" అని చెబితే గీసేవాడికి దారి దొరుకుతుంది. యాభై బొమ్మలు చూపిస్తే దారి తప్పుతాడు. "మీ ఇష్టం, ఏదో ఒకటి వెయ్యండి" అంటే అసలు దారే ఉండదు.

గీసి చూపించిన బొమ్మ నచ్చకపోతే ఆ సంగతి అప్పుడే చెప్పాలి. మొహమాటానికి తలూపి, ఇంటికెళ్లాక ఏడ్చిన వాళ్లు కద్దు. అలాగే ఒక దుకాణంలో గీయించుకున్న బొమ్మను ఫోన్‌లో ఫొటో తీసుకుని, తక్కువకు వేసే మరో దుకాణానికి పట్టుకెళ్లడం ఈ వృత్తిలో వాళ్లను అన్నిటికంటే ఎక్కువగా నొప్పించే పని. కూరగాయల ధర నాలుగు కొట్లలో కనుక్కోవచ్చు. ఒకరి చేత వండించి మరొకరి దగ్గర తింటామనకూడదు.

అక్షరాలతో జాగ్రత్త

బొమ్మలకంటే ప్రమాదకరమైనవి అక్షరాలు. తెలుగులో పేరు వేయించుకోవాలనుకునే వాళ్లు దీన్ని రెండుసార్లు చదవాలి. మన లిపిలో అక్షరానికీ అక్షరానికీ తేడా ఒక్కోసారి వెంట్రుకంత. 'ద'కు అడుగున చిన్న గీటు పడితే 'ధ' అవుతుంది. పొట్టలో చుక్క పడితే 'థ' అవుతుంది. 'నాన్న'లో కింది వొత్తు జారితే మాటే మారిపోతుంది. పైగా చర్మం కాగితం కాదు. ఏళ్లు గడిచే కొద్దీ గీత కాస్త లావెక్కుతుంది. అక్షరం మరీ చిన్నదైతే లోపలి ఖాళీలు పూడిపోయి, వొత్తులు ముద్దకట్టి, పేరు కాస్తా మచ్చలా తయారవుతుంది.

అందుకే, "ఇంత చిన్నగా వద్దండి, కొంచెం పెద్దది చేద్దాం" అని పనివాడు అంటే డబ్బు గుంజడానికి అంటున్నాడనుకోవడం పొరపాటు. వేళ్ల మీద, అరచేతి అంచు మీద వేస్తే రంగు తొందరగా వెలిసిపోతుందని చెప్పడం కూడా అలాంటిదే. పదేళ్ల తర్వాత ఆ గీత ఎలా ఉంటుందో అతను చూసి ఉంటాడు. వేయించుకునే వాడు చూడలేదు.

సూది తగలకముందు బొమ్మను అచ్చుకాగితంతో చర్మం మీద అద్దుతారు. ఆ అచ్చును తీరిగ్గా చదవడం వేయించుకునే వాడి బాధ్యత. అద్దంలో చూస్తే అక్షరాలు తిరగబడి కనిపిస్తాయి కాబట్టి ఎదురుగా మరొకరి చేత పైకి చదివించాలి. పేరైతే సర్టిఫికెట్‌లో ఉన్నట్టుగా కాగితం మీద రాసి తెచ్చుకోవాలి. సంస్కృత శ్లోకమో, రాని భాషలో మాటో అయితే ఆ భాష వచ్చిన వాళ్లకు ముందే చూపించాలి. అచ్చు దశలో "ఇది తప్పుంది, చెరిపి మళ్లీ వెయ్యండి" అని నాలుగుసార్లు చెప్పినా తప్పులేదు. అప్పటికది తడిగుడ్డతో పోతుంది. సూది పడ్డాక పోదు.

దేవుడి బొమ్మల విషయంలో మరో సంగతి ఉంది. సింహాద్రి అప్పన్న నామాన్ని, ఆంజనేయుణ్ణి నడుముకు దిగువన వేయమని అడిగితే, "అక్కడ వద్దు బాబూ" అనే పనివాళ్లున్నారు. వాళ్ల మాట మన్నించడం ఇద్దరికీ గౌరవం.

కొలువు కల ఉన్నవారికి

ఉత్తరాంధ్రలో ఈ విషయానికి మరెక్కడా లేనంత ప్రాముఖ్యం ఉంది. తూర్పు నౌకాదళ కేంద్రం ఉన్న ఊరిది. సైన్యం రిక్రూటింగు ఆఫీసు కూడా విశాఖలో ఉంది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల పల్లెల్లో తెల్లవారకముందే లేచి రోడ్డు మీద పరుగు ప్రాక్టీసు చేసే కుర్రాళ్లకు లెక్కలేదు. వాళ్లలో కొందరు మొదటి సంపాదనతో చేసే మొదటి పని భుజం మీద పులిబొమ్మ వేయించుకోవడం. ఆ పులే వాళ్ల కొలువును మింగేస్తుంది.

సైన్యం, నౌకాదళం నియామక ప్రకటనల్లో నియమం స్పష్టంగా ఉంటుంది. శాశ్వత పచ్చబొట్టు ముంజేతి లోపలి వైపున, అంటే మోచేతి లోపలి మడత నుంచి మణికట్టు దాకా, లేదా అరచేతి వెనక భాగాన ఉంటే సరే. ఒంటి మీద ఇంకెక్కడ ఉన్నా పనికిరాదు. వైమానిక దళమూ దాదాపు ఇదే నియమం పాటిస్తూ, తుది నిర్ణయం ఎంపిక కేంద్రానిదే అంటుంది. ఆచారం ప్రకారం పచ్చబొట్లు పొడిపించుకునే గిరిజన తెగల వారికి మినహాయింపు ఉంది. సరిహద్దు భద్రతా దళం, సీఆర్పీఎఫ్ వంటి కేంద్ర సాయుధ పోలీసు బలగాల్లో నియమం ఇంకాస్త గట్టిది. సెల్యూట్ చేయని చెయ్యి కాబట్టి ఎడమ ముంజేతి లోపలి వైపున గానీ, చేతి వెనక గానీ ఉండాలి. ఆ భాగంలో నాలుగో వంతు కంటే తక్కువ మేర ఉండాలి. మతచిహ్నమో, పేరో మాత్రమే అయి ఉండాలి.

పరుగులో నెగ్గి, ఎత్తు సరిపోయి, ఛాతీ సరిపోయి, చివరికి చొక్కా విప్పినప్పుడు భుజం మీది బొమ్మ దగ్గర ఆగిపోవడం కంటే దురదృష్టం ఏముంటుంది? అందువల్ల పద్దెనిమిది, ఇరవై ఏళ్ల కుర్రాడు గుమ్మంలోకి రాగానే దుకాణదారు అడగవలసిన మొదటి ప్రశ్న, "ఆర్మీకి గానీ, నేవీకి గానీ, పోలీసుకి గానీ పెట్టుకుంటావా తమ్ముడూ?" అన్నదే. అతను అడగకపోతే కుర్రాడే చెప్పాలి. దాచకూడదు. తాజా నియామక ప్రకటనలోని పచ్చబొట్టు పేరా చదివి, ఆ కాగితం జేబులో పెట్టుకుని వెళితే ఇంకా మంచిది.

"లేజరుతో తీయించేసుకోవచ్చులే" అన్న ధీమా కొందరికి ఉంది. లేజరు కాంతి రంగును చిన్నచిన్న ముక్కలుగా పగలగొడితే ఒళ్లు వాటిని మెల్లగా తీసేస్తుంది. ఒక్క పూటలో అయ్యే పని కాదు. నెలల తరబడి పలుమార్లు తిరగాలి. నలుపు కాస్త సులువుగా లొంగుతుంది గాని ఆకుపచ్చ, పసుపు మొండికేస్తాయి. మచ్చ మిగిలే అవకాశమూ ఉంది. వేయించుకున్న దానికంటే తీయించుకోవడానికి ఎక్కువ ఖర్చు కావడం పరిపాటి.

సూది సంగతి అడగడం తప్పు కాదు

ధర అడగడానికి సిగ్గుపడని వాళ్లు శుభ్రత గురించి అడగడానికి సిగ్గుపడతారు. "అడిగితే ఏమనుకుంటాడో" అన్న మొహమాటం. నిజానికి మంచి పనివాడు ఈ ప్రశ్నకు సంతోషిస్తాడు. సీలు వేసిన సూదిని ఎదుటనే విప్పడం, రంగును చిన్న మూతలో విడిగా పోసుకుని మిగిలింది పారేయడం, కొత్త గ్లవ్స్ వేసుకోవడం అతనికి గర్వకారణాలు.

అడగవలసిన మాటలు సూటిగా ఉంటే చాలు. "సూది నా ఎదుటే విప్పుతారా అండీ?" "రంగు సీసా ఒకసారి చూపిస్తారా?" సీసా మీద తయారీ వివరాలు, గడువు తేదీ ఉండాలి. రంగుల విషయంలో ప్రపంచమంతటా జాగ్రత్త పెరిగింది. ఐరోపా సమాఖ్య 2022 జనవరి నుంచి పచ్చబొట్టు రంగుల్లో వేలాది రసాయనాల మీద ఆంక్షలు పెట్టింది. మళ్లీ వాడే లోహపు సామాను ఉంటే ఆవిరి యంత్రంలో 121 డిగ్రీల వేడిలో, ఒత్తిడితో కనీసం పదిహేను నిమిషాలు ఉంచాలి. వేడినీళ్లలో ముంచి తీయడం, స్పిరిట్‌తో తుడవడం చాలవు.

ఇది పట్టింపు కాదు, ప్రాణం సంగతి. ఒకరికి వాడిన సూది మరొకరికి వాడితే పచ్చకామెర్ల జబ్బుల్లోని హెపటైటిస్ బి, సి గానీ, ఎయిడ్స్ వైరస్ గానీ సోకవచ్చు. హెపటైటిస్ బి వైరస్ ఒంటి బయట కనీసం ఏడు రోజులు బతికి ఉంటుంది. దానికి టీకా ఉంది. హెపటైటిస్ సికి టీకా లేదు. జాతరల్లో, తిరునాళ్లలో అట్ట మీద బొమ్మలు పెట్టుకుని, ఒకే సూదితో, ఒకే రంగు గిన్నెతో వరసగా పదిమందికి వేసే చోట కూర్చోకపోవడమే క్షేమం. అక్కడ తక్కువకే వస్తుంది, నిజమే. ఏమేమి వెంట వస్తాయో తెలియదు.

వేయించుకునే వాడూ కొన్ని దాచకూడదు. షుగరు వ్యాధి, రక్తం పలుచబడడానికి వాడే మాత్రలు, దెబ్బ తగిలిన చోట చర్మం ఉబ్బి గట్టిపడే గుణం, చర్మరోగాలు, గర్భం. ఇవి ముందే చెప్పడం మర్యాదే కాదు, తన రక్షణ కూడా. తాగి వెళ్లడం రెండు విధాలా తప్పు. చెయ్యి కుదురుగా ఉండదు, మాట కుదురుగా ఉండదు. స్నానం చేసి, కడుపుకు తిని, ఉతికిన బట్టలతో వెళ్లాలి.

బయానా, బేరం

ఇక డబ్బు. అడగకూడదని కాదు. అడిగే వరస మార్చాలి. "మూడు వేలా? వెయ్యికి ఇస్తావా?" అనే బదులు, "నా దగ్గర ఇంతే ఉందండి. ఇంతలో మీరు శుభ్రంగా ఏం వెయ్యగలరు?" అంటే ఆ మాట రెండు వైపులా నిలబడుతుంది. పనివాడు బొమ్మను చిన్నది చేస్తాడు, రంగులు తగ్గిస్తాడు, లేదా "ఇంకో రెండు నెలలు ఆగి రండి" అంటాడు. బేరంతో ధర తగ్గితే తగ్గేది సాధారణంగా సమయమో, సూదో, రంగో. ఆ మూడింట్లో ఏది తగ్గినా నష్టపోయేది చర్మమే.

బొమ్మ గీయడానికి ముందు బయానా అడగడం అన్ని పట్టణాల్లో ఆనవాయితీ. రోజు ఖాయం చేసుకున్నాక రాకపోతే ఆ బయానా తిరిగి రాదు. రాలేని పక్షంలో రెండు రోజుల ముందు చెబితే ఆ వేళ మరొకరికి ఇచ్చుకుంటాడు. ధర, ఎన్నిసార్లు రావాలి, మానాక రంగు పలుచబడిన చోట మళ్లీ దిద్దితే దానికి డబ్బు వేరా, అన్నవి సూది పడకముందే మాట్లాడుకోవాలి. పనయ్యాక మాట్లాడితే అది తగాదా.

వద్దనే హక్కు ఇద్దరిదీ

మంచి దుకాణాన్ని గుర్తుపట్టడానికి ఒక కొండగుర్తు ఉంది. అది అందరికీ అన్నీ వేయదు. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలను వెనక్కి పంపుతుంది. నిన్న మొన్న పరిచయమైన అమ్మాయి పేరు మెడ మీద వేయమంటే, "ఒక నెల ఆగు తమ్ముడూ, అప్పటికీ కావాలంటే రా" అంటుంది. తాగి వచ్చిన వాణ్ణి కూర్చోబెట్టదు. అలా వద్దన్నందుకు అలిగి పక్క దుకాణానికి వెళ్లేవాడు, తనకు మేలు కోరిన మనిషిని వదులుకుని వెళుతున్నాడన్నమాట.

వేయించుకునే వాడికీ అదే హక్కు ఉంది. బొమ్మ గీశాక, అచ్చు అద్దాక, కుర్చీలో కూర్చున్నాక కూడా మనసు మారితే, "క్షమించండి, ఇవాళ వద్దు" అనవచ్చు. బయానా పోతుంది. గీసిన శ్రమకు అది న్యాయమే. మొహమాటానికి వేయించుకున్న పచ్చబొట్టు కంటే పోయిన బయానా చవక.

పనయ్యాక కూడా కొంత బాధ్యత మిగులుతుంది. పైచర్మం మానడానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఆ లోపు గోకడం, చెక్కు పీకడం, ఎండలో తిరగడం కూడదు. విశాఖ వాళ్లు ముఖ్యంగా మరచిపోతున్నది సముద్ర స్నానం. కొత్త పచ్చబొట్టు తెరిచి ఉన్న గాయంతో సమానం. అమెరికాలో పచ్చబొట్టు పొడిపించుకున్న ఐదు రోజులకే సముద్రంలో ఈదిన ఒక మనిషి, ఉప్పునీటి సూక్ష్మజీవి సోకి మరణించిన వైనాన్ని 2017లో వైద్యులు ప్రచురించారు. అతనికి అంతకుముందే కాలేయ వ్యాధి ఉంది. అందరికీ అలా జరుగుతుందని కాదు గాని, బొమ్మను స్నేహితులకు చూపించడానికి ఆ ఆదివారమే ఆర్కే బీచ్‌లో దిగనక్కర్లేదు. వాపు, చీము, జ్వరం కనిపిస్తే దుకాణానికి కాదు, డాక్టరు దగ్గరికి వెళ్లాలి. రక్తదానం చేసే అలవాటున్న వాళ్లు పచ్చబొట్టు తర్వాత ఏడాది పాటు ఆగాలన్నది మన దేశంలో రక్తనిధుల నియమం.

పూర్ణా మార్కెట్‌లో బుట్ట ముందు కూర్చునే ముసలమ్మ తన ముంజేతి చుక్కలకు ఎంత కూలి ఇచ్చారో చెప్పలేదు. కుంచెడు వడ్లో, పాత చీరో, గుర్తుండదు. ఎవరు పొడిచారో, ఎవరు చెయ్యి పట్టుకున్నారో, తానెంత ఏడ్చిందో మాత్రం నిన్న జరిగినట్టు చెబుతుంది. ధర మరుపున పడుతుంది, బొమ్మ మిగులుతుంది. రేపు గుమ్మంలో నిలబడబోయే కుర్రాడు "ఎంత?" అనే ముందు, "ఇది నాకు నప్పుతుందా అండీ?" అని అడిగితే, ఆ జవాబు కోసం లోపలి మనిషి సూది పక్కన పెట్టి తలెత్తుతాడు.